నెమ్మదైన పిల్లాడికి సరిపోయే చిన్న కాలేజీ ఎక్కడ దొరుకుతుంది?

కిటికీపక్కసీటు
మా అబ్బాయి ఇక్కడ అమెరికాలో పదకొండో తరగతి. నవంబరుకల్లా అప్లికేషన్లు మొదలవుతాయి. మార్కులకు ఢోకా లేదు, నా బెంగ అది కాదు. వాడు నోట్లో వేలు పెట్టినా కొరకడు. ఎవరైనా "ఒకసారి కలుద్దాం" అంటే నిజంగానే కలుస్తారనుకుంటాడు. ఈ మధ్య ఒక క్లాస్‌మేట్ అలాగే అన్నాడని మూడు శనివారాలు వేరే పని పెట్టుకోకుండా, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగో శనివారం నన్నడిగాడు: "అమ్మా, వాడు మర్చిపోయాడా, ఊరికే అన్నాడా?" నాకు ఏం చెప్పాలో తోచలేదు.

స్కూల్లో కచేరీ అయ్యాక అందరూ ఫొటోలు దిగుతుంటే వీడు కుర్చీలు మడిచి గోడకు పేరుస్తుంటాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. క్లారినెట్ వాయిస్తాడు, చూసిన పక్షుల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. వెటకారం అర్థం కాదు. పార్టీలంటే భయమేం లేదు, అక్కడ ఏం చేయాలో తెలియదు, అంతే.

మా వారు స్టేట్ యూనివర్సిటీ చాలంటున్నారు. 40,000 మందిలో వీడు కనపడకుండా పోతాడని నా భయం. చిన్న కాలేజీలు చూద్దామంటే, ర్యాంకింగులు చదువు సంగతి చెప్తాయి గానీ అక్కడ పిల్లలు ఒకరితో ఒకరు ఎలా ఉంటారో చెప్పవు. ఇలాంటి పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఎక్కడ కుదురుకున్నారో చెప్పండి.

రాము_రెండుగదులు
నేను మీ వారి పక్షం. 40,000 మంది ఉన్నచోట మీ వాడిలాంటి వాళ్లు కొన్ని వందల మందైనా ఉంటారు. 1,500 మంది ఉన్నచోట ఏ పదిహేను మందో. ఆ పదిహేను మందితో పొసగకపోతే ఎక్కడికి వెళ్తాడు? మా పెద్దాడూ ఇంచుమించు ఇదే రకం. పెద్ద స్టేట్ యూనివర్సిటీలో మార్చింగ్ బ్యాండ్‌లో చేరాడు. క్లాసులకంటే ముందే బ్యాండ్ క్యాంప్ మొదలైంది. సెమిస్టర్ తెరిచేసరికి వాడికి భోజనం బల్ల దగ్గర చోటు పట్టే మనుషులు ఉన్నారు. క్లారినెట్ వాయించే పిల్లాడికి పెద్ద కాలేజీ అంటే ఎందుకంత భయం?

పద్మ67
రాము గారూ, మీ వాడికి బ్యాండ్ దొరికింది, సంతోషం. కానీ పెద్ద చోట అలాంటి గూడు పిల్లాడే వెతుక్కోవాలి. వెతుక్కోలేని పిల్లల గురించే కదా ఆవిడ అడుగుతున్నది.

మంచుదారి
మా వాడు కార్ల్‌టన్ అనే కాలేజీలో మూడో సంవత్సరం. మిన్నెసోటాలో నార్త్‌ఫీల్డ్ అనే ఊరు, మినియాపొలిస్‌కి దక్షిణంగా 40 మైళ్లు. కాలేజీలో 2,000 మంది. ఫ్రెటర్నిటీలు, సొరోరిటీలు (తమకు నచ్చినవాళ్లనే చేర్చుకునే అబ్బాయిల, అమ్మాయిల క్లబ్బులు) లేవు. ఆ ఊరి నినాదం "ఆవులు, కాలేజీలు, సంతృప్తి". మొదట విన్నప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు నిజమే అనిపిస్తోంది.

అక్కడ డేసీ మోజెస్ ఇల్లని ఒకటుంది. ఆవిడ కాలేజీ లైబ్రరీలో పనిచేసేవారు, పిల్లల కోసం ఇంటి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంచేవారు. 1981లో పోతూ ఆ ఇంటిని కాలేజీకి రాసిచ్చారు. ఇప్పటికీ ఏ విద్యార్థైనా వెళ్లి కుకీలు చేసుకోవచ్చు. పిండి, చక్కెర, వెన్న అన్నీ అక్కడే ఉంటాయి. ఒకటే షరతు, వాడిన గిన్నెలు కడిగి పెట్టాలి. మా వాడు మొదటి టర్మ్‌లో మాటలు కలపలేక ఆ వంటింట్లో గిన్నెలు తుడుస్తూ నిలబడేవాడట. పని చేతిలో ఉంటే మాట దానంతటదే వస్తుందంటాడు. మీ వాడు కుర్చీలు పేరుస్తాడని చదవగానే నాకు ఆ సింకు గుర్తొచ్చింది.

ఒక హెచ్చరిక. అక్కడ టర్మ్ పదే వారాలు, చదువు పరుగుపందెం. రెండో వారం వెనకపడితే నాలుగో వారానికి ఊపిరాడదు. కానీ నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్ పండగకి ఇంటికొస్తే మళ్లీ జనవరిలోనే వెళ్లాలి. మొదటి ఏడాది మా వాడిని నిలబెట్టింది ఆ సెలవే.

కిటికీపక్కసీటు
మంచుదారి గారూ, సింకు సంగతి మా వారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ ఫోన్ తీసుకుని మళ్లీ చదువుకున్నారు.

సాయి_రెండోయేడు
నేను పేరెంట్‌ని కాదు, విద్యార్థిని. మా అమ్మ ఈ లింక్ పంపింది. ఆంటీ, చిన్న కాలేజీ అనగానే మెత్తగా ఉంటుందనుకోకండి, ప్లీజ్.

నేను చేరిన కాలేజీలో 2,000 మంది కూడా లేరు. పేరు చెప్పను. టూర్‌కి మంగళవారం మధ్యాహ్నం వెళ్లాం. ఎండ, పచ్చిక, చెట్ల కింద పుస్తకాలు. చేరాక తెలిసింది, సగం మంది ఫ్రెటర్నిటీలు, సొరోరిటీల్లోనే ఉంటారని. శుక్రవారం రాత్రి తొమ్మిదికల్లా మా ఫ్లోర్ ఖాళీ అయిపోయేది. కారిడార్‌లో లైట్లు మాత్రం వెలుగుతుండేవి. నేను లాండ్రీ గదిలో కూర్చునేవాడిని. బట్టలు ఉతకాలని కాదు. అక్కడికి ఎవరో ఒకరు వస్తారు, "ఈ మెషీన్ ఖాళీయేనా" అని అడుగుతారు. రోజంతటిలో నాతో ఎవరైనా మాట్లాడే మాట అదే. అక్టోబరులో ఒక వారం ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు, ఇప్పుడు చదువుతుంది.

పెద్ద యూనివర్సిటీలో అయితే ఊళ్లోకి వెళ్లిపోవచ్చు. చిన్న చోట వెళ్లడానికి ఇంకో చోటు లేదు. మిమ్మల్ని వద్దన్నవాళ్లే పొద్దున టిఫిన్ దగ్గర ఎదురవుతారు.

జనవరిలో సబ్‌స్టెన్స్-ఫ్రీ ఫ్లోర్‌కి మారాను. మందు, సిగరెట్ ఉండవని రాసిచ్చి ఉండేవాళ్ల ఫ్లోర్. అదే కాలేజీ, అదే బిల్డింగ్, రెండంతస్తులు పైన, అంతే. మొదటి రాత్రే ఎవరో తలుపు తట్టి బోర్డ్ గేమ్‌కి నాలుగో మనిషి కావాలన్నారు.

సాయి_వాళ్లమ్మ
చదివాను నాన్నా. రాత్రికి ఫోన్ చెయ్యి.

తూనీగ
సాయి బాబూ, కళ్లు చెమర్చాయి. ఇది రాసినందుకు నీకు ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

లెక్కలమాస్టారు
సాయి చెప్పినదాంట్లో చాలా భాగం చేరకముందే తెలుసుకోవచ్చు. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం పెడతాయి. కాలేజీ పేరు, దాని పక్కన ఈ మాట కొట్టి వెతికితే దొరుకుతుంది. అందులో ఎఫ్ విభాగం తెరవండి. మగపిల్లల్లో ఎంత శాతం ఫ్రెటర్నిటీల్లో ఉన్నారు, ఆడపిల్లల్లో ఎంత శాతం సొరోరిటీల్లో ఉన్నారు, ఎంత శాతం కాలేజీ హాస్టళ్లలోనే ఉంటున్నారు అన్నీ ఉంటాయి. ఫ్రెటర్నిటీ అంకె సున్నా, హాస్టల్ అంకె 90 దాటితే శనివారం రాత్రి క్యాంపస్‌లో మనుషులుంటారన్నమాట. బి విభాగంలో మొదటి ఏడాది తర్వాత తిరిగొచ్చినవాళ్ల శాతం ఉంటుంది. ఊళ్లో చదువుకునే పిల్లలు ఎక్కువై వారాంతానికి ఇళ్లకు పోయే కాలేజీలు కూడా ఎఫ్ విభాగంలోనే పట్టుబడతాయి.

క్యాంపస్‌లో జరిగే నేరాల లెక్క బయటపెట్టాలనే క్లెరీ చట్టం కింద ప్రతి కాలేజీ అక్టోబరు 1 లోపు భద్రతా నివేదిక ఇవ్వాలి. మందు కేసులు అందులో ఉంటాయి. కానీ ఆ అంకె చూసి కంగారుపడొద్దు. గట్టిగా పట్టుకునే కాలేజీలో ఎక్కువ కేసులు కనిపిస్తాయి, చూసీచూడనట్టు వదిలేసేచోట తక్కువ కనిపిస్తాయి.

పద్మ67
మాస్టారూ, లెక్కలు బాగున్నాయి. కానీ మా అమ్మాయి మౌంట్ హోల్యోక్ అనే ఉమెన్స్ కాలేజీలో ఎందుకు కుదురుకుందో ఏ విభాగంలోనూ దొరకదు. అక్కడ హాస్టళ్లలో రాత్రిపూట పాలు, కుకీలు పెట్టే ఆనవాయితీ ఉంది. చదువుకుంటున్న పిల్లలంతా పైజామాలతో కిందికి దిగొస్తారు. మా అమ్మాయిని ఎవరూ పిలవక్కర్లేదు, అదీ ఎవరినీ పిలవక్కర్లేదు. ఆ పావుగంటలోనే స్నేహితులయ్యారు. ఆడపిల్లల తల్లులు ఎవరైనా చదువుతుంటే ఉమెన్స్ కాలేజీలను చూడకుండా కొట్టేయకండి. మేమూ మొదట "అబ్బే" అన్నవాళ్లమే.

లెక్కలమాస్టారు
ఒప్పుకుంటున్నానమ్మా. ఏ కాలేజీకి పోకూడదో లెక్క చెప్తుంది, ఎక్కడికి పోవాలో పాలగ్లాసే చెప్పాలి.

ముక్కుసూటి
హేవర్‌ఫర్డ్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేం? ఫిలడెల్ఫియా పక్కన, 1833లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు పెట్టిన కాలేజీ, 1,400 మంది. ఫ్రెటర్నిటీలు లేవు. పరీక్షలో కాపలా ఉండరు. ఫైనల్స్ ఎప్పుడు రాయాలో చాలావరకు పిల్లలే ఎంచుకుంటారు. పక్కవాడు రేపు రాయబోయే పేపర్ వీడు ఇవాళ రాసి వస్తాడు, దాని గురించి నోరు విప్పడు. ఆనర్ కోడ్ అనే ఆ నిజాయితీ ఒప్పందాన్ని ఏటా విద్యార్థులే కూర్చుని ఓటేసి నిలబెట్టుకుంటారు. నిజాయితీగా ఉండేవాడిని అమాయకుడని చూడని చోటు కావాలంటే నాకు తెలిసి అదే.

రాము_రెండుగదులు
ఆ కోడ్ నేనూ చదివాను. చదువుకే కాదు, మనుషుల మధ్య నడతకీ అది వర్తిస్తుంది. ఎవరైనా నొప్పిస్తే వెనకాల అనుకోకుండా వాళ్లతోనే నేరుగా మాట్లాడాలంటుంది. మూడు శనివారాలు ఫోన్ దగ్గర కూర్చుని ఆ క్లాస్‌మేట్‌ని ఒక్క మాటా అడగని పిల్లాడు అలా మాట్లాడగలడా? వాడికి అది శిక్షవుతుందేమో.

ముక్కుసూటి
నేనైతే తలకిందులుగా చూస్తాను. వాడు అడగనిది పిరికితనంతో కాదు. అలా అడగడం మర్యాదో కాదో తెలియక. "అడగొచ్చు, అడగాలి" అని అందరూ ముందే ఒప్పుకున్నచోట ఇలాంటి పిల్లలు చక్కగా మాట్లాడతారు. వాళ్లను ఇబ్బంది పెట్టేది రాయని రూల్సే.

కిటికీపక్కసీటు
ముక్కుసూటి గారూ, చివరి వాక్యం కాగితం మీద రాసి పెట్టుకున్నాను. పదిహేడేళ్లుగా వాడి గురించి నేను అందరికీ చెప్పలేకపోయింది అదే.

వసంత_కౌన్సెలర్
హైస్కూల్లో కౌన్సెలర్‌ని. ఇలాంటి పిల్లలు నాకు ఏటా ఇద్దరు ముగ్గురైనా వస్తారు.

సాయి మంగళవారం వెళ్లాడు, అదే పొరపాటు. గురువారం వెళ్లి శుక్రవారం రాత్రి దాకా ఉండండి. కుదిరితే రాత్రి విద్యార్థుల గదిలో ఉండనిస్తారేమో అడగండి. సాయంత్రం ఆరుకు డైనింగ్ హాల్లో, మీరు ఒక బల్ల దగ్గర, అబ్బాయి వేరే బల్ల దగ్గర. ఒంటరిగా తింటున్నవాళ్లను గమనించండి. ఒంటరిగా తినడం తప్పు కాదు. ట్రే పట్టుకుని దారి వెతుక్కుంటున్నవాడిని ఎవరైనా పిలుస్తున్నారా, అది చూడండి. టూర్ గైడ్‌ని "ఇక్కడ సోషల్ లైఫ్ ఎలా ఉంటుంది" అని అడిగితే బట్టీపట్టిన జవాబు వస్తుంది. "పోయిన శనివారం సాయంత్రం ఆరు నుంచి మీరేం చేశారు?" అని అడగండి. ఆగి ఆలోచించి చెప్తే అది నిజం.

ఇంకోటి. కాలేజీలో చేరిన రోజు నుంచి వాడి రికార్డుల మీద హక్కు వాడిదే. ఫెర్పా అని 1974 నాటి చట్టం. మార్కులు, హాజరు గురించి మీరు ఫోన్ చేస్తే సాధారణంగా చెప్పరు. చిన్న కాలేజీ కాబట్టి డీన్ మీతో మాట్లాడతారని అనుకోకండి. వాడి అనుమతితో సంతకం చేసే ఫారం ఉంటుందేమో చేరేటప్పుడే అడగండి. అంతకన్నా ముఖ్యం, కష్టమొస్తే ఎవరి తలుపు తట్టాలో వాడికే తెలియాలి. ఆ తలుపు వెళ్లినప్పుడే చూపించి రండి.

రాము_రెండుగదులు
వసంత గారూ, ఒక్క మాట. ఈ చర్చలో అబ్బాయి ఏమనుకుంటున్నాడో ఎవరూ అడగలేదు. మనమంతా వాడికి గూడు కడుతున్నాం.

కిటికీపక్కసీటు
నిజమే, అడగలేదు. రాత్రి అడిగాను. చాలాసేపు ఆలోచించి, "నేను మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ చూసుకోని వాళ్లు కొందరుంటే చాలు" అన్నాడు. ఎంతమంది అంటే, "ఇద్దరు".

పద్మ67
ఇద్దరు. 😢

అర్ధరాత్రి_టీ
డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఈ కాలేజీల్లో చాలావాటి ఖర్చు ఏడాదికి 80,000 డాలర్లు దాటింది. నాలుగేళ్లు లెక్కేసుకుంటే ఇల్లు కొన్నట్టే.

లెక్కలమాస్టారు
పైన రాసే ధర వేరు, మీరు కట్టేది వేరు. 2011 నుంచి ప్రతి కాలేజీ సైట్లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోను మీ ఇంటికి సుమారు ఎంత పడుతుందో లెక్క చెప్పేది) ఉండాలన్నది రూలు. ట్యాక్స్ కాగితాలు పక్కన పెట్టుకుని ఒక ఆదివారం కూర్చోండి. హేవర్‌ఫర్డ్ మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వదు, అవసరాన్ని బట్టే సాయం. గ్రినెల్, సెయింట్ ఓలాఫ్, ఎర్ల్‌హమ్ మెరిట్ కూడా ఇస్తాయి. ఇద్దరూ ఐటీ జీతాలున్న ఇళ్లకు ఈ తేడా చాలా పెద్దది. ఇంకో జాగ్రత్త: ఎర్లీ డెసిషన్ అంటే ముందే ఒక్క కాలేజీకి అప్లై చేసి, సీటిస్తే అక్కడే చేరతానని కట్టుబడి ఉండాల్సిన మాట. ఈ కాలిక్యులేటర్ తిప్పకుండా దానికి సంతకం పెట్టకండి.

మంచుదారి
సెయింట్ ఓలాఫ్ పేరొచ్చింది కాబట్టి చెప్తున్నా. అది కూడా నార్త్‌ఫీల్డ్‌లోనే, కార్ల్‌టన్‌కి ఊరవతల. 3,000 మంది. లూథరన్ చర్చి వాళ్లు పెట్టింది. ఫ్రెటర్నిటీలు లేవు, క్యాంపస్‌లో మందు నిషేధం. సంగీతానికి మంచి పేరు, సంగీతం మేజర్ కాని పిల్లలు కూడా బ్యాండుల్లో, కోయిర్లలో ఉంటారు. క్లారినెట్ ఉంది కాబట్టి ఒకే ప్రయాణంలో రెండూ చూడండి.

అర్ధరాత్రి_టీ
మరి ఇంజనీరింగ్ కావాలంటే?

ముక్కుసూటి
స్వార్త్‌మోర్‌లో ఇంజనీరింగ్ ఉంది. 2019లో అక్కడ ఫ్రెటర్నిటీలు పోయాయి. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు రికార్డుకెక్కవు, పాసైతే చాలు. కొత్త చోట బెదిరే పిల్లలకు అది పెద్ద ఊరట. ఆలిన్ అయితే 400 మందే. హార్వీ మడ్ 900, కానీ పక్కనే మరో నాలుగు కాలేజీలు గోడలు కలిసి ఉన్నాయి కాబట్టి ఇరుకనిపించదు. చేరడం మాత్రం అన్నిట్లోనూ కష్టమే.

పూర్ణిమ_ఇంకా
మా బాబు గ్రినెల్‌లో చదివి బయటికొచ్చాడు. అయోవాలో 9,000 జనాభా ఉన్న ఊరు, డి మోయిన్ నుంచి గంట ప్రయాణం. మొదటి ఏడాది ట్యుటోరియల్ అని ఒక చిన్న క్లాసు, అది చెప్పే ప్రొఫెసరే మొదట అడ్వైజర్ కూడా. మా వాడు మెయిల్‌కి జవాబు ఇవ్వకపోతే ఆయన క్లాసయ్యాక ఆపి "బాగున్నావా" అని అడిగారు. పెద్దచోట అలా అడిగేవాళ్లు లేరని కాదు. కానీ ఇక్కడ ఆ అడగడం ఆయన పనిలో భాగం.

అయినా ఇల్లు అలకగానే పండగ కాదు. రెండో ఏడాది దాకా మా వాడికి ఒక్కడే స్నేహితుడు. ఆ ఒక్కడూ విదేశీ సెమిస్టర్‌కి వెళ్లినప్పుడు నేను ఇక్కడ రాత్రుళ్లు నిద్రపోలేదు. మూడో ఏడాదిలో కాస్త పెరిగారు. మీ వాడిక్కూడా సెప్టెంబరులోనే ఇద్దరు దొరకాలని లెక్క పెట్టుకోకండి. ఏడాది పట్టినా కంగారుపడొద్దు.

సాయి_రెండోయేడు
+1. నాకు జనవరి దాకా పట్టింది. ఆంటీ, ఏ కాలేజీ అయినా సరే, హౌసింగ్ ఫారంలో సబ్‌స్టెన్స్-ఫ్రీ ఫ్లోర్ ఉందేమో చూడండి. రూమ్మేట్ ప్రశ్నల దగ్గర నిజం రాయమనండి. నేను "పార్టీలు ఇష్టం" అని టిక్ పెట్టాను, బాగుండదేమోనని.

కిటికీపక్కసీటు
ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. నార్త్‌ఫీల్డ్‌కి గురువారం వెళ్లి శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. రెండు కాలేజీలూ చూశాం. సెయింట్ ఓలాఫ్‌లో బ్యాండ్ రిహార్సల్‌కి వెనక కూర్చోనిచ్చారు. అయ్యాక వీడు లేచి కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. పక్కన అప్పటికే ఇంకో అబ్బాయి సర్దుతున్నాడు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. బయటికొచ్చాక మా వాడు, "ఇక్కడ నాలాగే ఇంకొకడున్నాడు" అన్నాడు.

కార్ల్‌టన్‌లో వసంత గారు చెప్పినట్టే శుక్రవారం సాయంత్రం వేరే బల్లల దగ్గర కూర్చున్నాం. వీడు ట్రేతో నిలబడ్డ తొలి రెండు నిమిషాలు నేను చూడలేకపోయాను. తల దించుకున్నాను. ఎత్తి చూసేసరికి ఎవరో పిలిచి కూర్చోబెట్టారు. పక్షుల సంగతి వచ్చిందట. వాళ్లలో ఒకమ్మాయి, "పొద్దున ఏడింటికి మేం ఇద్దరం ఆర్బొరేటమ్‌కి వెళ్తున్నాం, రా" అంది. కాలేజీకి ఆనుకునే దాదాపు 800 ఎకరాల అడవి, మైదానం ఉన్నాయి. హోటల్‌కొచ్చాక వీడు నన్ను అడిగాడు, "ఇది ఊరికే అన్నదా, నిజంగా అన్నదా?" ఈసారీ నాకు తెలియదని చెప్పాను. ఏడుకి పది నిమిషాల ముందే మా వారే కారులో దింపారు. ఎవరూ రాకపోతే ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకుంటూ వెళ్లారట. దింపేసరికి ఇద్దరూ అప్పటికే బైనాక్యులర్లు మెడలో వేసుకుని నిలబడి ఉన్నారు.

ఇంకా ఏదీ తేల్చలేదు. గ్రినెల్, హేవర్‌ఫర్డ్ చూడాలి. కాలిక్యులేటర్ తిప్పాం, కార్ల్‌టన్ మాకు భారమే. స్టేట్ యూనివర్సిటీ కూడా లిస్టులో ఉంచాం రాము గారూ, అక్కడి బ్యాండ్ గురించి మీ అబ్బాయితో మా వాడు మాట్లాడొచ్చా?

రాము_రెండుగదులు
తప్పకుండా అమ్మా. నంబర్ మెసేజ్‌లో పంపుతాను. మా వాడు ఫోన్ చేస్తానంటే చేస్తాడు, ఏ రోజో ఎన్ని గంటలకో కూడా చెప్పే చేస్తాడు.

తూనీగ
అన్నీ చెప్పారు గానీ, ఆ పొద్దున ఏం పక్షి కనిపించిందో చెప్పలేదు!

కిటికీపక్కసీటు
వడ్రంగిపిట్ట. నోట్‌బుక్‌లో తేదీ, టైము రాసి, పక్కన ఆ ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు.